నాన్న కుడి చెంప

మా నాన్న మాటకారి. గూడ్సు బండి గార్డుగా బిలాస్‌పూర్‌లో ఎక్కి, పెండ్రా రోడ్డు కొండలు దాటి కట్నీ వైపు వెళ్లొచ్చేవాడు. బండి చివర బ్రేక్ వ్యానులో ఒక్కడే గంటల తరబడి కూర్చునే మనిషి కాబట్టి, దాచుకున్న మాటలన్నీ ఇంటికి రాగానే బయటికొచ్చేవి. బూట్ల లేసులు విప్పుతూనే మొదలుపెట్టేవాడు. సొరంగం ముందు పట్టాల మీద ఎలుగుబంటి కూర్చుని ఎంతకీ కదలకపోవడం, ఇంకో బండికి దారివ్వడానికి తన బండిని లూప్ లైన్లో పక్కన పడేస్తే దిగి రేగుపళ్లు ఏరుకోవడం, డ్రైవరుతో పడిన గొడవ, అన్నీ చెప్పేవాడు. వింటున్నానని తెలియడానికి అమ్మ వంటింట్లోంచి మధ్య మధ్యలో "అచ్ఛా" అనేది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో మా తెలుగు ఆ వైపుదే. హిందీ ముక్కలు దానంతటవే వచ్చి పడుతుండేవి.

ఎనభైల మధ్యలో, నేను బీఎస్సీలో చేరిన ఏడాది చలికాలంలో, నాన్న మాట్లాడడం మానేశాడు.

ముందు కథలు తగ్గాయి. తర్వాత, అడిగినదానికి జవాబు చెప్పడం తగ్గింది. చివరికి చెయ్యి ఊపడం, తల ఆడించడం మిగిలాయి. డ్యూటీ నుంచి మఫ్లరు ముఖానికి చుట్టుకుని వచ్చి, అలాగే మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం ఎడమవైపు గీసుకుని కుడివైపు వదిలేసేవాడు. అంత శుభ్రమైన మనిషి అలా సగం గడ్డంతో తిరుగుతుంటే, అదేదో మా మీద కసితో చేస్తున్నట్టు కనిపించేది.

అమ్మకి ఒక కారణం తట్టింది. ఆ దసరా ముందే తను కుట్టు మిషను కొనుక్కుని, కాలనీ ఆడవాళ్లకి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. నాన్నని అడగలేదు, చెప్పింది అంతే. అప్పుడాయన సరేనన్నాడు గానీ లోపల ఇష్టం లేదేమో, పరాయి వాళ్ల కొలతలు తీసుకోవడం పరువు తక్కువ అనుకున్నాడేమో అని అమ్మ తనలో తనే లెక్కలు వేసుకుంది. ఒకరోజు ఒప్పుకున్న జాకెట్లన్నీ ముగించి ఇచ్చేసి, మిషను మీద పాత దుప్పటి కప్పేసింది. అయినా నాన్న మాట్లాడలేదు. అమ్మ కూడా పట్టుదలకి పోయి మాటలు తగ్గించేసింది. రెండు గదుల క్వార్టరులో ముగ్గురం గిన్నెల చప్పుడు వింటూ బతికాం.

భోజనం దగ్గర నాన్న చేసే పని ఒకటి నాకు అర్థమయ్యేది కాదు. కంచం ముందు కూర్చుని, కలుపుకున్న అన్నం అలాగే ఉంచి, వేలితో కుడి పెదవి మూలని తనే తాకేవాడు. అంతే, ముఖం ఒక పక్కకి లాగేసేది, కళ్లు మూసుకుపోయేవి, ఎడమచెయ్యి నేలని గట్టిగా నొక్కేది. కాసేపటికి అది వదలగానే గబగబా ముద్దలు మింగేసి లేచిపోయేవాడు. చివరి ముద్దల దగ్గర మళ్లీ ఆగిపోతే కంచం అలాగే వదిలేసేవాడు. "అన్నం మీద కూడా కోపమేనా" అని అమ్మ కంచం తీసేది.

ఒక ఉదయం ఆయనతో పనిచేసే ఇంకో గార్డు నాన్నని పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. యార్డులో బండి కదలాలి. నాన్న విజిల్ పెదాల మీద పెట్టుకుని, ఊదకుండా, బ్రేక్ వ్యాను కడ్డీ పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయాడట. జెండా చేతిలోనే ఉంది గానీ చెయ్యి లేవలేదట. గుండెపోటనుకుని అందరూ పరిగెత్తారు.  ఏమైందని అమ్మ అడిగితే, పెదాలు కదపకుండా, గొంతులోంచి నాన్న ఒక్క మాట అన్నాడు.

"పన్ను."

అన్నాళ్లూ అది పంటి నొప్పే అనుకుని, తగ్గిపోతుందని ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నాడు. చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే నొప్పి. అన్నిటికంటే ముందు, రైల్వే మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ అని రాసేస్తారేమో, గార్డు పని పోతుందేమో అని భయం.

సదర్ బజార్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి అమ్మా నేనూ తీసుకెళ్లాం. ఆయన చూసి, ఒక దవడ పన్ను కొంచెం పుచ్చిందని, మత్తు సూది వేసి తీశాడు. రిక్షాలో ఇంటికి వస్తుంటే జరిగింది నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. మత్తుకి నాన్న కింది పెదవి వేలాడుతోంది. ఆ పెదవితోనే మాట్లాడడం మొదలుపెట్టాడు. తడబడుతూ, చొంగ తుడుచుకుంటూ, ఆపకుండా. పెండ్రాలో చలి ఎలా ఉందో, గాలి చెంపకి తగిలితే లోపల కరెంటు షాకు కొట్టినట్టు ఎలా ఉంటుందో, మఫ్లరు అంచు రాసుకున్నా ఎలా చచ్చిపోతాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ అమ్మవైపు తిరిగాడు.

"మిషనెందుకు మూసీసావు? ఏటైనాది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బజారు వైపు చూస్తూ కూర్చుంది. కొంత దూరం పోయాక, "నీకు కోపమొచ్చిందనుకున్నాను" అంది.

"నాకు కోపం నేదు. నోరు తెరవనేక."

ఆ సాయంత్రానికి మత్తు దిగింది. నొప్పి ఎక్కడికీ పోలేదు, పన్ను మాత్రం పోయింది. పక్క పన్ను కూడా తీసేయమని నాన్నే పట్టుబట్టాడు. అది బాగానే ఉందని పళ్ల డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. ఆ పన్నూ పోయింది. మత్తు ఉన్నంతసేపు మళ్లీ మనిషయ్యాడు, ఆ తర్వాత మళ్లీ గోడవైపు తిరిగాడు. అమ్మ మాత్రం మిషను మీది దుప్పటి తీసేసింది. ఆయన పడుకున్న గదిలోనే కుట్టుకునేది. ఆ చప్పుడు తనకి బాగుంటుందని నాన్న చేత్తో సైగ చేశాడు.

చివరికి రైల్వే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆ జబ్బేమిటో చెప్పింది. నడివయసు మనిషి, మెల్లగా హిందీలో మాట్లాడేది. మేం బయట బల్ల మీద కూర్చున్నప్పుడే, తలుపు సందులోంచి ఆమె నాన్నని చూసిందట. ఫ్యాను గాలి తగలకుండా చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకున్న తీరు, ఆ చెయ్యి చెంపని తాకకుండా బెత్తెడు దూరంలో నిలిపిన తీరు. లోపలికి పిలిచి ఒకే ప్రశ్న అడిగింది, గట్టిగా నొక్కితే నొప్పా, మెత్తగా తగిలితే నొప్పా అని. నాన్న అరచేత్తో దవడని గట్టిగా నొక్కి చూపించాడు. ఏమీ కాలేదు. తర్వాత టేబులు మీది దూది వైపు వేలు చూపించి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె నవ్వలేదు. దూది పక్కకి జరిపేసింది.

నొప్పి పళ్లలో లేదని, పళ్ల కబురు మోసుకెళ్లే నరంలో ఉందని చెప్పింది. తన నుదుటి మీద, చెంప మీద, దవడ మీద వేలు పెట్టి, ముఖానికి ఒక్కో పక్కా ఒకే నరం మూడు పాయలుగా వస్తుందంది. ఆ నరం మెదడులోకి వెళ్లే మొదట్లో, చాలామందిలో, పక్కనున్న రక్తనాళం కొట్టుకుంటూ దాన్ని ఒరుసుకుంటుంది. పై పొర అరిగిపోయి, ముట్టుకున్న కబురు కూడా నొప్పి కబురుగా మారిపోతుంది. మాత్రలు రాసింది. అవి మూర్ఛ రోగులకిచ్చే మాత్రలని మందులిచ్చే కిటికీ దగ్గర తెలిసి అమ్మ హడలిపోయింది. "ఫిట్సు మందు మీ నాన్నకెందుకే?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. నాకేం తెలుసు.

కొద్ది రోజుల్లోనే మాత్ర పనిచేసింది. ముందు గాలికి భయపడడం మానేశాడు, తర్వాత కుడివైపు గడ్డం గీసుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఎలుగుబంటి కథే మళ్లీ మొదలుపెట్టాడు. మాకు కంఠతా వచ్చిన కథ. అమ్మ "అచ్ఛా" అంటూ మొత్తం వింది.

అయితే ఆ మాత్ర నాన్నని మగతలో ఉంచేది. నడుస్తుంటే తూలేవాడు. అలాంటి మనిషిని కదిలే బండిలో పంపించరు. యార్డు ఆఫీసులో లైట్ డ్యూటీ ఇచ్చారు. ఎవరెవరికి ఏ బండి, ఎప్పుడు పిలవాలి అని చూసే పని. మొదట్లో ఆ కుర్చీలో కూర్చోవడం ఆయనకి చిన్నతనంగా ఉండేది. బండి వెళ్తుంటే కిటికీ దగ్గరికి వెళ్లి, చివరి పెట్టె దాటేదాకా చూసి వచ్చేవాడని తోటివాళ్లు చెప్పేవారు. ఇంట్లో ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

ఎమ్మెస్సీలో శరీరధర్మశాస్త్రం ప్రాక్టికల్స్ వచ్చాయి. కప్ప తొడ నరాన్ని, దానికి అంటుకున్న పిక్క కండరంతో సహా తీసి, మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము ముందు అమర్చేవాళ్లం. నరానికి కొంచెం కరెంటు ఇస్తే కండరం గుంజుకుని, దానికి కట్టిన ముల్లు మసి మీద తెల్లగీత గీసేది. ఒకరోజు మా మేడమ్ ఆ నరం మీద ఒక చుక్క మందు వేసి, కాసేపాగి మళ్లీ కరెంటు ఇమ్మంది. ముల్లు లేవలేదు. కండరానికే నేరుగా ఇస్తే లేచింది. అంటే కండరం చావలేదు, నరంలో కబురు నడవడం లేదు. అది ఏం మందని అడిగితే, పళ్ల డాక్టర్లు వాడేదే అంది. నాకు రిక్షా గుర్తొచ్చి, చేతిలో స్విచ్చి అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

క్లాసయ్యాక ఆవిడకి నాన్న సంగతి చెప్పాను. ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది. నరకణం పొరలో లెక్కలేనన్ని సన్నని దారులుంటాయి, చానెళ్లంటారు. ఒక్కో రకం ఒక్కోదానికి తెరుచుకుంటుంది. సోడియం దారులు తెరుచుకుంటే బయటి సోడియం లోపలికి ఉరుకుతుంది, కబురు పుడుతుంది, ముందుకి సాగుతుంది. పొటాషియం దారులు తెరుచుకుని కణాన్ని శాంతపరుస్తాయి. పళ్ల డాక్టరు సూదీ, నాన్న మాత్రా రెండూ సోడియం దారుల మీదే పనిచేస్తాయి. సూది అన్నిటినీ మూసేస్తుంది, అందుకే మొద్దుబారుతుంది. మాత్ర మాత్రం అదేపనిగా తెరుచుకుంటున్న వాటినే ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే ముఖానికి స్పర్శ ఉంటుంది, నొప్పి రాదు. మూర్ఛలో మెదడు కణాలకీ అదే వాలకం కాబట్టి, రెండు జబ్బులకీ ఒకే మందు.

మామూలు నొప్పి మాత్రలు నాన్నకి ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే తెలిసింది. దెబ్బ తగిలినచోట, చీము పట్టినచోట కొన్ని రసాయనాలు ఊరుతాయి. నరాల కొనల్లో వాటిని అందుకునే గ్రాహకాలుంటాయి. అవి అందుకోగానే ఆ చుట్టుపక్కల చానెళ్లు చిన్నదానికే తెరుచుకునేలా తయారవుతాయి. మామూలు మాత్రలు ఆ రసాయనాల్ని తగ్గిస్తాయి. నాన్న చెంపలో దెబ్బా లేదు, చీమూ లేదు, తగ్గించడానికి ఏమీ లేదు.

కంచం దగ్గర నాన్న చేసిన పని గురించి కూడా అడిగాను. ఆ జబ్బులో ఒకసారి నొప్పి వచ్చి పోయాక, కాసేపటిదాకా ముట్టుకున్నా రాదని, కొందరు రోగులు దాన్ని తమంతట తామే కనిపెడతారని ఆవిడ చెప్పింది. సోడియం దారులు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాక వెంటనే మళ్లీ తెరుచుకోవు, నిజమే. కానీ అది కన్ను మూసి తెరిచేదాని కంటే చాలా తక్కువ సేపు. నాన్నకి దొరికిన విరామం అంతకంటే ఎంతో పెద్దది. దానికి కారణం ఇంకా సరిగ్గా తెలియదంది. తెలియదని చెప్పిన ఆ ఒక్క వాక్యమే నన్ను ఆ చదువులో ఉంచిందేమో.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. అన్నం తినడానికి ముందుగా నొప్పిని పిలుచుకునేవాడివి కదా అన్నాను. ఆయన తల ఊపాడు. అలా చేస్తే నాలుగు ముద్దలు తినడానికి వీలు దొరికేదని, అది ఎవరికి చెప్పినా పిచ్చి అంటారని ఊరుకున్నానని అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతున్న తట్ట పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది. ఎన్ని పూటలు ఆ కంచం విసురుగా తీసిందో ఆవిడకే తెలుసు.

నాన్న మాత్రం చానెళ్ల గురించి ఆలోచిస్తున్నాడు.

"ఆ దారి మూసీస్తే నొప్పి నేదన్నట్టా? ఉండీ నాకు తెలీనట్టా?"

నొప్పి అంటేనే తెలియడం నాన్నా అన్నాను. చెంపలో నరం పంపేది ఒట్టి కబురే, మెదడు దాన్ని అందుకుంటేనే నొప్పి అవుతుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నొప్పి చెంపలోనే ఉండేదని, మెదడులో ఉండి ఉంటే మెదడు మీద మఫ్లరు చుట్టుకునేవాణ్ణి కదా అని అన్నాడు. అమ్మ నవ్వింది.  

కొన్నేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత మాత్ర పట్టు తప్పసాగింది. మోతాదు పెంచితే మగత, తగ్గిస్తే మెరుపులాంటి నొప్పి. రిటైరయ్యే ముందు ఏడాది మళ్లీ సగం గడ్డంతో కనిపించాడు. డాక్టరమ్మ అప్పటికి బదిలీ అయిపోయింది. ఆవిడ స్థానంలో ఉన్నాయన విశాఖపట్నం పంపించాడు. అక్కడి సర్జను చెప్పినదాంట్లో దాపరికం లేదు. చెంపలోంచి సన్నని సూది పోనిచ్చి, చెవి ముందు పుర్రె అడుగున ఆ నరకణాలన్నీ గుంపుగా ఉండే చోటికి తీసుకెళ్లి, కింది పాయని వేడితో కొంత చంపేస్తాడు. నొప్పి పోతుంది. దాంతోపాటు కుడి దవడ, పెదవి, నాలుక సగం మొద్దుబారిపోతాయి. బహుశా ఎప్పటికీ.

అమ్మ వద్దంది. ముఖంలో సగం లేకుండా ఎలా అని భయం. నన్నడిగితే, నిర్ణయించుకోవాల్సింది నాన్న అన్నాను. సర్జను ఒక దారి చెప్పాడు. ముందుగా మత్తు సూదితో కొన్ని గంటలపాటు అలాగే మొద్దుబార్చి చూపిస్తానన్నాడు. నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. ఆ సూది వేయించుకుని నాన్న ఆసుపత్రి ముందున్న హోటల్లో ఇడ్లీ తిన్నాడు. పెదవి మూల చట్నీ కారుతున్నా ఆయనకి తెలియలేదు. అమ్మ తుడవబోయి, అలవాటుగా చెయ్యి వెనక్కి లాక్కుంది. అన్నేళ్లుగా ఆ చెంపని ఎవరూ ముట్టుకోలేదు. నాన్న ఆ చెయ్యి పట్టుకుని తన దవడ మీద పెట్టుకున్నాడు.

"తెలట్నేదు" అన్నాడు. "గానీ ఉండనీ."

మర్నాడు ఒప్పుకుని సంతకం పెట్టాడు.

బిలాస్‌పూర్ తిరిగొచ్చాక ఆ మొద్దుబారిన చెంపతో బతకడం నేర్చుకున్నాడు. అద్దం ముందు నిలబడి, రక్తం కనిపిస్తే తప్ప తెగిందని తెలియని చెంపని జాగ్రత్తగా గీసుకునేవాడు. టీ ఎడమవైపు నుంచే తాగేవాడు. బుగ్గలో మెతుకు ఉండిపోతే అమ్మ తన బుగ్గ మీద వేలు పెట్టి చూపించేది. ఒక్కోసారి చీమలు పాకుతున్నట్టు ఉంటుందని చిరాకు పడేవాడు. మాత్రలు ఆగిపోయాయి, మగత పోయింది. రోజంతా మాట్లాడేవాడు. కాలనీలో ఎవరు చెంప పట్టుకుని కనిపించినా వదిలేవాడు కాదు. బెల్తరా నుంచి కూరలు తెచ్చే ముసలావిడ ఒకరోజు గంప దించి "మోర్ దాంత్ పిరావత్ హే" అని పన్ను నొప్పి గురించి చెప్పుకుంటే, గాలి తగిలితే నొప్పా, నీళ్లు తగిలితే నొప్పా అని అరగంట విచారించి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తీరా ఆవిడది పుచ్చిన పన్నే. నాన్నకి పట్టరాని సంతోషం. ఎంత అదృష్టవంతురాలివో నీకు తెలీదు అని ఆవిడకి చెబుతూ, గంప తనే మోసుకొచ్చాడు.

తొంభైల చివర్లో నేను అదే ఊళ్లో కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మిరపకాయలో మంట పుట్టించే పదార్థాన్ని అందుకునే గ్రాహకాన్ని కనిపెట్టారని లైబ్రరీకి వచ్చిన ఒక పత్రికలో చదివాను. నొప్పి తెలిపే నరాల కొనల్లో ఉంటుంది. అది ఒక గ్రాహకమూ, ఒక చానెలూ కూడా. కాలేంత వేడి తగిలినా తెరుచుకుంటుంది, కారం తగిలినా తెరుచుకుంటుంది. అందుకే కారం తింటే నోరు కాలినట్టుంటుంది. భోజనాల దగ్గర ఇది చెబితే, మిరపకాయ మండుతుందని కనిపెట్టడానికి ఇంతమంది కష్టపడ్డారా అని అమ్మ ఊరమిరపకాయలు వేయిస్తూనే అడిగింది. నాన్న మాత్రం తినడం ఆపి, ఒక ఊరమిరపకాయ విరిచి, నాలుక ఎడమవైపు పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మజ్జిగ తాగి, తేరుకున్నాక మిగతా ముక్కని కుడివైపు పెట్టుకుని, తొందరపడకుండా కూర్చున్నాడు.

"ఉప్పు తెలస్తంది. కారం తెలట్నేదు. ఇదేటి?"

ఆ ప్రశ్న నాకు అంతకుముందు తట్టలేదు. ఆలోచించి చెప్పాను. నాలుక ముందు భాగంలో ఉప్పు, పులుపు, తీపి మోసే నరం వేరు. సర్జను దాన్ని ముట్టుకోలేదు. కారం రుచి కాదు, నొప్పే. అది ఆయన పోగొట్టుకున్న నరంలోనే నడుస్తుంది. అంటే ఇన్నాళ్లూ మనం నొప్పిని కూరలో వేసుకుని తింటున్నామన్నమాట అని నాన్న అమ్మవైపు తిరిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు, కారం లేని కూర కూరే కాదంది. వాళ్లిద్దరూ దాని మీద చాలాసేపు వాదించుకున్నారు. నేను మధ్యలో కూర్చుని, ఇద్దరి మాటలూ వింటూ అన్నం తిన్నాను.